ఒక్క పుస్తకం, ఒక్క పని

హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకి వెళ్లినా, విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లినా వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు పేర్చిన బల్ల దగ్గర రద్దీ తగ్గదు. ఇంటర్ పిల్లలు, గ్రూప్స్‌కి చదువుతున్నవాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, పిల్లల కోసమని వచ్చి తమకీ ఒకటి తీసుకునే అమ్మానాన్నలు. బాగుపడాలన్న కోరికతో కష్టార్జితం పెట్టి పుస్తకం కొనే మనిషంటే నాకు ఎంతో గౌరవం. అందుకే ఆ డబ్బు, ఆ కోరిక రెండూ వృథా కాకూడదని గట్టిగా కోరుకుంటాను.

ఎలా వృథా అవుతాయో మనందరికీ తెలుసు. చదువుతున్నంతసేపూ ఒళ్లు ఝల్లుమంటుంది. నచ్చిన వాక్యాల కింద గీతలు గీస్తాం. వాట్సాప్ స్టేటస్‌లో పేజీ ఫొటో పెడతాం. వారం తిరిగేసరికి ఆ పుస్తకం అల్మారాలోకి, కొత్త పుస్తకం చేతిలోకి. చదివిన ఉత్సాహాన్నే మార్పు అనుకుని సంతృప్తి పడిపోతాం. పొద్దున్నే లేవడం గురించి మూడు పుస్తకాలు చదివి, తొమ్మిదింటికి లేచేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు.

దీనికి నేను చెప్పే మందు ఒక్కటే. ఒక పుస్తకం తీసుకోండి. అందులోంచి చేయదగ్గ పని ఒక్కటి ఎంచుకోండి. ఆ పని చేయడం మొదలుపెట్టే దాకా ఇంకో పుస్తకం ముట్టకండి. పుస్తకాలు జీవితాన్ని మార్చాయని మనం గొప్పగా చెప్పుకునేవాళ్లంతా చేసింది ఇదే.

గాంధీగారి సంగతే చూడండి. 1904లో ఆయన జోహాన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్‌కి బయల్దేరారు. దాదాపు 24 గంటల ప్రయాణం. స్టేషన్‌కి సాగనంపడానికి వచ్చిన మిత్రుడు హెన్రీ పోలక్ దారిలో చదువుకొమ్మని ఒక పుస్తకం చేతిలో పెట్టారు. జాన్ రస్కిన్ రాసిన 'అన్ టు దిస్ లాస్ట్'. మొదలుపెట్టాక ఆయన దాన్ని కింద పెట్టలేకపోయారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లాయరు పనికీ మంగలి పనికీ విలువ ఒకటేనని, ఒళ్లు వంచి బతికే రైతు జీవితమే, చేతిపనివాడి జీవితమే అసలైన జీవితమని ఆయనకు ఆ పుస్తకంలో కనిపించింది. చదివి 'అద్భుతం' అని ఊరుకోలేదు. డర్బన్ దగ్గర ఫీనిక్స్‌లో వంద ఎకరాలు వెయ్యి పౌన్లకి కొన్నారు. 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక అచ్చయ్యే ప్రెస్సుని అక్కడికి తరలించారు. అక్కడ పనిచేసేవాళ్లు ఎవరైనా సరే, అందరికీ నెలకి ఒకటే జీతం, మూడు పౌన్లు అన్నారు. ఇదంతా ఆ ఏడాదే. 1908లో ఆ పుస్తక సారాన్ని గుజరాతీలో రాసి 'సర్వోదయ' అని పేరు పెట్టారు. చదువు ముగిశాక తాను చదివిన పుస్తకాలు చాలా కొద్దేనని ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. ఆ కొద్దిలో ఒక్కటి ఆయన ఇంటిని, సంపాదనని, తిండిని, పనిని మార్చేసింది.

మనందరం వంద ఎకరాలు కొనక్కర్లేదు. మనకి సరిపోయే కొలతలో చేసి చూపించినవాడు ఇంకొకడున్నాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్లలో ఒకడు. ఆ పేరంతా రాకముందు ఫిలడెల్ఫియాలో ప్రింటింగ్ ప్రెస్ నడిపిన కుర్రాడు. ఆయన ఆత్మకథలో కొన్ని పేజీలు నాకు ప్రపంచంలోని వ్యక్తిత్వ వికాస పుస్తకాలన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేవిగా కనిపిస్తాయి.

ఇరవైల్లో ఉండగా ఆయన తనలో పెంచుకోవాల్సిన గుణాల జాబితా ఒకటి రాసుకున్నాడు. మితంగా తినడం, అనవసరంగా మాట్లాడకపోవడం, ఏ వస్తువు చోట ఆ వస్తువు ఉంచడం, పట్టుదల, పొదుపు, శ్రమ, ఇలా పన్నెండు. అది చూసిన క్వేకర్ మిత్రుడొకాయన 'నీకు గర్వం ఎక్కువని జనం అనుకుంటున్నారు' అని మొహం మీదే చెప్పాడు. ఉదాహరణలు కూడా ఇచ్చాడు. ఫ్రాంక్లిన్ కోప్పడలేదు. పదమూడోదిగా వినయాన్ని చేర్చాడు.

తర్వాత ఒక చిన్న నోటుపుస్తకం కుట్టుకున్నాడు. గుణానికో పేజీ. పేజీలో ఎర్రసిరాతో ఏడు నిలువు గళ్లు, వారంలో రోజుకొకటి. అడ్డంగా పదమూడు వరసలు. రాత్రి కూర్చుని ఆ రోజు ఏ విషయంలో తప్పాడో ఆ గడిలో నల్లచుక్క పెట్టేవాడు. అసలు కిటుకు ఇక్కడుంది. పదమూడింటి మీదా ఒకేసారి పడలేదు. మొదటి వారం దృష్టంతా మొదటి గుణం మీదే. ఆ వరసలో చుక్క పడకుండా చూసుకోవడమే ఆ వారం పని. మిగతావి ఎలా జరిగితే అలా, చుక్కలు పడితే పడనీ. రెండో వారం రెండో గుణం. పదమూడు వారాలకి ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. పాత చుక్కలు చెరిపి మళ్లీ మళ్లీ వాడేసరికి కాగితానికి చిల్లులు పడ్డాయి. అప్పుడు దంతపు రేకుల పుస్తకం సంపాదించి, ఎర్రగీతలు చెరిగిపోకుండా గీసి, పెన్సిలు చుక్కల్ని తడి స్పాంజితో తుడుచుకునేవాడు.

ఇంతా చేసి అన్నీ సాధించాడా? లేదు. ఏ వస్తువు చోట ఆ వస్తువు పెట్టడం తనకి చివరిదాకా పట్టుబడలేదని దాపరికం లేకుండా రాశాడు. అనుకున్నంత ఎత్తుకి చేరకపోయినా, ప్రయత్నించకపోతే ఎలా ఉండేవాడినో దానికంటే మెరుగయ్యాను, సంతోషంగా ఉన్నాను అన్నది ఆయన లెక్క. ఈ నిజాయితీ కోసమే ఆ పుస్తకం చదవాలి. వినయం విషయంలో ఆయన చేసిన పని మరీ సులువైనది. మాటల్లోంచి 'ముమ్మాటికీ', 'సందేహమే లేదు' లాంటివి తీసేసి, 'నాకలా అనిపిస్తోంది', 'ప్రస్తుతానికి నాకు తోచేది ఇది' అనడం మొదలుపెట్టాడు. మీటింగుల్లో తన మాట చెల్లుబాటు కావడం అప్పటినుంచే పెరిగిందట. ఇంట్లో భార్యాభర్తల మధ్య, ఆఫీసులో మేనేజరు ముందు, పిల్లలతో చదువు గురించి మాట్లాడేటప్పుడు ఈ ఒక్క మార్పుని వారంపాటు పాటించి చూడండి. ఖర్చు లేదు, కోర్సు అక్కర్లేదు.

ఇక కొనేటప్పుడు ఏది మంచిదో ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. అట్ట మీద ఎన్ని లక్షల కాపీలని రాసిందో చూడకండి. ఆ పుస్తకం ఎక్కణ్నుంచి పుట్టిందో చూడండి.

డేల్ కార్నెగీ 1912లో న్యూయార్క్‌లో వై.ఎం.సి.ఎ.లో పెద్దవాళ్లకి ఉపన్యాస కళ పాఠాలు మొదలుపెట్టాడు. పగలంతా పనిచేసి రాత్రి క్లాసుకి వచ్చే గుమాస్తాలు, సేల్స్‌మన్లు. వాళ్లకి మాట్లాడటంతో పాటు మనుషులతో మెలగడం కూడా రావాలని ఆయనకి అర్థమైంది. మొదట పోస్టుకార్డంత కార్డు మీద కొన్ని సూత్రాలు అచ్చువేసి ఇచ్చాడు. వాళ్లు ఆ వారం వాటిని భార్య దగ్గర, బాసు దగ్గర, కస్టమర్ల దగ్గర పెట్టి చూసి, ఏమైందో మరుసటి క్లాసులో వచ్చి చెప్పేవాళ్లు. తర్వాత కార్డు పెద్దదైంది, కరపత్రమైంది, చిన్న పుస్తకాలయ్యాయి. పదిహేనేళ్లు అలా పెరిగి 1936లో 'హౌ టు విన్ ఫ్రెండ్స్ అండ్ ఇన్‌ఫ్లుయెన్స్ పీపుల్' అయింది. అందులో కొన్ని ఉదాహరణలు పాతబడ్డాయి. కానీ ఎదుటివాడి పేరు గుర్తుంచుకోవడం, మాట మధ్యలో అడ్డుపడకుండా వినడం, నలుగురిలో తప్పు పట్టకపోవడం వంటివి పాతబడేవి కావు.

ఆ మరుసటి ఏడాది, 1937లో, నెపోలియన్ హిల్ 'థింక్ అండ్ గ్రో రిచ్' వచ్చింది. మన దగ్గర దానికీ అభిమానులు లెక్కలేనంతమంది. ఉక్కు వ్యాపారంలో కోట్లు గడించిన ఆండ్రూ కార్నెగీ తనని పిలిచి సంపద రహస్యం పరిశోధించమన్నాడని హిల్ చెప్పుకున్నాడు. (డేల్ వేరు, ఆండ్రూ వేరు. ఇద్దరికీ బంధుత్వం లేదు.) ఆ భేటీ జరిగిందనడానికి హిల్ మాట తప్ప వేరే ఆధారం లేదు. పట్టుదల గురించి ఆ పుస్తకంలో మంచి మాటలున్నాయి, తీసుకోండి. కోరిక బలంగా ఉంటే డబ్బు దానంతటదే వస్తుందన్న భాగాన్ని మాత్రం నమ్ముకోకండి. కోరిక బలంగా ఉండీ అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. వాళ్లకి కావాల్సింది లెక్కల పుస్తకం. పరీక్షించి చూసి రాసిన పుస్తకానికీ, ఊరించి రాసిన పుస్తకానికీ తేడా పట్టుకోవడం వస్తే సగం డబ్బు మిగులుతుంది.

కొన్ని పుస్తకాలు నేరుగా అగ్గిలోంచి వచ్చినవి. విక్టర్ ఫ్రాంకల్ వియన్నా మనోవైద్యుడు, యూదుడు. 1942లో నాజీలు ఆయన్నీ, భార్యనీ, తల్లిదండ్రుల్నీ నిర్బంధ శిబిరానికి తరలించారు. 1944లో ఆష్విట్జ్. తాను ఎంతో కష్టపడి రాసుకున్న శాస్త్రగ్రంథం రాతప్రతిని కోటు లోపల కుట్టుకుని తీసుకెళ్లాడు. అక్కడ కోటు లాగేసుకున్నారు, రాతప్రతి పోయింది. తర్వాత ఇంకో శిబిరంలో విషజ్వరంతో పడి ఉన్నప్పుడు, నిద్రపోతే ప్రాణం పోతుందేమోనన్న భయంతో, దొరికిన చిత్తుకాగితాల మీద ఆ గ్రంథాన్ని గుర్తుచేసుకుంటూ మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. పుండ్లు పడ్డ కాళ్లతో చలిలో పనికి నడుస్తూ, ఒక వెచ్చని హాలులో జనం ముందు నిలబడి శిబిర జీవితపు మనస్తత్వం మీద తాను ఉపన్యాసం ఇస్తున్నట్టు ఊహించుకునేవాడు. ఆ క్షణంలో అనుభవిస్తున్న బాధ, చదువుకోవాల్సిన పాఠంగా కొంచెం దూరం జరిగేది. 1945లో విడుదలై వచ్చేసరికి తండ్రి, తల్లి, అన్న, భార్య ఎవరూ మిగల్లేదు. ఆ శిబిర అనుభవాల మీద తొమ్మిది రోజుల్లో ఒక పుస్తకం చెప్పి రాయించాడు. మొదట తన పేరు కూడా వేసుకోవద్దనుకున్నాడు. 1946లో జర్మన్‌లో వచ్చింది. ఇంగ్లిషులో 'మ్యాన్స్ సెర్చ్ ఫర్ మీనింగ్'గా లోకమంతా చదివింది.

ఆ పుస్తకం ఒక ప్రశ్నని తిరగేస్తుంది. జీవితం నాకేమిస్తుందని అడగడం మాని, ఇప్పుడు జీవితం నన్నేం అడుగుతోందని చూసుకోమంటుంది. ఆత్మీయుల్ని పోగొట్టుకున్నవాళ్లకి, మంచాన పడ్డవాళ్లకి సేవ చేస్తూ అలసిపోయినవాళ్లకి, ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్నవాళ్లకి ఈ ప్రశ్న ఒక పట్టు ఇస్తుంది. నా కోసం ఎదురుచూస్తున్న మనిషి ఎవరు? నేను తప్ప ఇంకెవరూ పూర్తి చేయలేని పని ఏది? ఈ రెండింటికీ కాగితం మీద జవాబు రాయండి. ఆ పుస్తకంలోంచి తీసుకోవాల్సిన పని అదే.

మనసు బాగు కోసం చదివే పుస్తకాల్లో చేత్తో రాయించే ఇంకొకటి ఉంది. డేవిడ్ బర్న్స్ అనే అమెరికన్ మనోవైద్యుడు 1980లో రాసిన 'ఫీలింగ్ గుడ్'. అందులోని పద్ధతి మన పిల్లలకి, ముఖ్యంగా పోటీ పరీక్షలు రాసేవాళ్లకి, తప్పక నేర్పాలి. కాగితం మీద మూడు గళ్లు గీసుకోవాలి. గ్రూప్-2 ప్రిలిమ్స్ పోయిన అమ్మాయి అనుకుందాం. మొదటి గడిలో మనసులో తిరుగుతున్న మాట ఉన్నదున్నట్టు రాస్తుంది: 'నేను దేనికీ పనికిరాను.' రెండో గడిలో ఆ మాటలోని వంకర ఏమిటో రాస్తుంది: ఒక్క పరీక్షని పట్టుకుని బతుకంతటికీ అంటగట్టడం, తనకి తనే ముద్ర వేసుకోవడం. మూడో గడిలో నిజం రాస్తుంది: 'కటాఫ్‌కి నాలుగు మార్కులు తగ్గాయి. చరిత్ర బాగానే వచ్చింది. మెంటల్ ఎబిలిటీలో టైమ్ చాల్లేదు. రోజూ అరగంట అదే చేయాలి.' చూడండి, ఏడుపుతో మొదలైన కాగితం టైమ్ టేబుల్‌తో ముగిసింది. మనసులోనే అనుకుంటే ఇది జరగదు. రాయాలి. రాస్తేనే ఆ మొదటి మాట ఎంత అన్యాయమో కంటికి కనిపిస్తుంది.

ఇది ఉత్తి మాట కాదు. తేలికపాటి, ఓ మోస్తరు డిప్రెషన్ ఉన్నవాళ్లకి ఈ పుస్తకం ఇచ్చి నాలుగు వారాలు చదివించి అమెరికాలో పరిశోధకులు పరీక్షించారు. చదవకుండా వేచి ఉన్నవాళ్ల కంటే చదివినవాళ్లు మెరుగయ్యారు. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 2003లో నీల్ ఫ్రూడ్ అనే మనస్తత్వ నిపుణుడు, డాక్టరు చీటీ మీద పుస్తకం పేరు రాస్తే లైబ్రరీలో తెచ్చుకునే ఏర్పాటు చేశాడు. పదేళ్లకి ఇంగ్లండ్ అంతటా అలాంటి పథకం వచ్చింది. అలాగని పుస్తకం డాక్టరుకి బదులు కాదు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, బతకాలనిపించకపోయినా పుస్తకం పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు అది. మాట్లాడటానికి డబ్బు కట్టక్కర్లేదు.

ఇంగ్లిషు పుస్తకాలే చెబుతున్నారేమిటి అనుకుంటున్నారా? మనకీ తక్కువేం లేవు. విజ్ఞాన చంద్రికా మండలి తెలుగువాళ్ల కోసం వేసిన మొట్టమొదటి పుస్తకమే, 1907లో, గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. జాతిని లేపాలనుకున్న పెద్దలు ముందు చేతికిచ్చింది ఒక మనిషి జీవితాన్ని. ఆ తెలివి మనం మర్చిపోకూడదు. సూత్రాల పుస్తకం కంటే జీవితచరిత్ర ఎక్కువకాలం మనసులో ఉంటుందని నా గట్టి నమ్మకం. టంగుటూరి ప్రకాశం 'నా జీవిత యాత్ర' చదవండి. తండ్రి పోయాక తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచిన పిల్లవాడు ప్లీడరై, రాజమండ్రి మునిసిపల్ ఛైర్మనై, లండన్ వెళ్లి బారిస్టరై, సంపాదించిందంతా దేశం కోసం ఖర్చు పెట్టేశాడు. పరిస్థితులు బాగోలేవని నిట్టూర్చే కుర్రాడికి ఆ మొదటి భాగం చాలు.

అబ్దుల్ కలాం ఆత్మకథ 1999లో ఇంగ్లిషులో వచ్చింది. వాడ్రేవు చినవీరభద్రుడు దాన్ని 'ఒక విజేత ఆత్మకథ'గా చక్కని తెలుగులో ఇచ్చారు. అందులో డెహ్రాడూన్ ఘట్టం దగ్గర ఆగండి. వైమానిక దళంలో పైలట్ కావాలన్నది ఆయన చిన్ననాటి కల. ఇంటర్వ్యూకి 25 మంది వెళ్లారు. తీసుకున్నది ఎనిమిది మందిని. ఆయన తొమ్మిదో స్థానంలో నిలిచారు. కుంగిపోయి రిషీకేశ్ వెళ్లి స్వామి శివానందని కలిశారు. అక్కణ్నుంచి ఢిల్లీ వెళ్లి, 250 రూపాయల జీతం మీద సీనియర్ సైంటిఫిక్ అసిస్టెంట్‌గా చేరారు. ఒక్క మార్కుతో సీటు పోయిన పిల్లలున్న ఇల్లు మీదైతే, ఆ పేజీలు గట్టిగా చదివి వినిపించండి. ఇక యండమూరి 'విజయానికి ఐదు మెట్లు', బి.వి. పట్టాభిరామ్ పుస్తకాలు తెలుగు పాఠకుడికి కొత్తగా చెప్పక్కర్లేదు. వాటిని ఇప్పటికే చదివినవాళ్లని నేనడిగేది ఒకటే. అందులోంచి తీసుకుని ఈరోజుకీ చేస్తున్న పని ఏది? ఒక్కటి చెప్పగలిగితే ఆ పుస్తకం మీకు దక్కింది. చెప్పలేకపోతే మళ్లీ తీయండి.

పుస్తకం కొనుక్కోవడం ఒక ఎత్తు, ఇవ్వడం ఇంకో ఎత్తు. బొంబాయిలో అంటరాని కుటుంబం నుంచి ఒక కుర్రాడు బడిలో పరీక్ష పాసైతే ఆ వాడవాళ్లు అభినందన సభ పెట్టారు. కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు ఆ సభలో తాను మరాఠీలో రాసిన బుద్ధుడి చరిత్రని ఆ కుర్రాడికి కానుకగా ఇచ్చారు. పుస్తకం ఇచ్చి ఊరుకోలేదు. పైచదువుకి డబ్బు అందక ఆగిపోయే పరిస్థితి వస్తే బరోడా మహారాజు దగ్గర మాట సాయం చేసి స్కాలర్‌షిప్ ఇప్పించారు. ఆ కుర్రాడు భీమ్‌రావ్ అంబేడ్కర్. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలమందితో కలిసి బౌద్ధం స్వీకరించిన ఆయన, తనని బుద్ధుడి వైపు తిప్పిన మొదటి మలుపుగా ఆ కానుకనే గుర్తుచేసుకున్నారు.

ఈసారి పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు మీ వీధిలో, మీ బంధువుల్లో, మీ ఇంట్లో పనిచేసే ఆవిడ పిల్లల్లో ఒక్కరిని చూసుకోండి. స్వీటు డబ్బాతో పాటు ఒక జీవితచరిత్ర ఇవ్వండి. కొనే వీలు లేకపోతే ఊళ్లో శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్లి సభ్యత్వం కట్టించండి. నెల తర్వాత కలిసినప్పుడు 'చదివావా?' అని అడగకండి. 'అందులోంచి ఏం మొదలుపెట్టావు?' అని అడగండి. ముందుగా మీరు మొదలుపెట్టింది ఏమిటో వాళ్లకి చెప్పండి.